శ్రవణభాగ్యం

మన పెద్దలు పండితుని 'బహుశ్రుతుడు' అన్నారు. అనేకం విన్నవాడని ఆ మాటకు అర్థం. వేదానికి శ్రుతి అని పేరు. గాయకుడు ఆధారంగా పట్టుకొని పాడే స్వరానికీ శ్రుతి అనే పేరు. నవవిధ భక్తులలో మొదటిది శ్రవణం. కీర్తనం దాని తరువాతది. వినడం ముందు, పలకడం తరువాత అని ఈ జాతి ఏనాడో నిర్ణయించుకొన్నది. అట్టి జాతిలో పుట్టి, ముప్పది ఏండ్లుగా పిల్లలకు పద్యం చెప్పి బ్రతుకుతున్న నేను వినడం మానివేసి ఎన్నాళ్ళయినదో గత వేసవిలో ఒకనాటి సాయంకాలం తెలుసుకొన్నాను. అందుకు నిమిత్తమైనది ఒక యంత్రం. ఆ ముచ్చట చెప్పడానికే ఈ వ్యాసం.

మా కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివిన శిష్యుడొకడు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరై సికింద్రాబాదులో స్థిరపడినాడు. తరగతిలో ఛందస్సు పాఠం ఇష్టంగా విన్న కొద్దిమందిలో అతడొకడు. ఏప్రిల్ నెలలో ఒకనాడు ఫోను చేసినాడు.

"మాస్టారూ, మంచి సి.డి. ప్లేయరు ఒకటి కొన్నాను. మీరు వచ్చి వినాలి."

"ఈ రోజులలో సి.డి.లు ఎవరు వింటున్నారు నాయనా? అన్ని పాటలూ ఫోనులోనే ఉన్నవి గదా?" అన్నాను.

"అన్నీ ఉన్నాయి మాస్టారూ. అందుకే ఏదీ వినడం లేదు" అన్నాడు.

మాట తగిలినది. ధర అడిగినాను. చెప్పినాడు. అది నా ఆరు నెలల జీతానికి మించి ఉన్నది. పాటలు పాడించే పెట్టెకు ఇంత సొమ్మా అని లోలోపల నొచ్చుకొన్నాను కాని, శిష్యుని సంబరం చెడగొట్టడం ఇష్టం లేక వస్తానన్నాను. మీ దగ్గర ఉన్న డిస్కులు తీసుకొని రమ్మన్నాడు. అలమర వెదికి నాలుగు తీసినాను. ఒకటి ఈమని శంకరశాస్త్రిగారి వీణ. ఒకటి మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కచ్చేరి. ఒకటి ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిను. నాలుగవదానికి అచ్చు వేసిన అట్ట లేదు. కాగితపు సంచిలో ఉన్న డిస్కు మీద నా చేతి వ్రాతతో 'గురువుగారు, 1995' అని మాత్రం ఉన్నది.

శిష్యుని ఇంటిలో ఆ యంత్రానికి ఒక గది ప్రత్యేకంగా ఉన్నది. కిటికీలకు మందపు తెరలు, నేల మీద తివాచీ, గోడల నిండా పుస్తకాలు. పుస్తకాలు చదవడానికే గాక ప్రతిధ్వనిని చెదరగొట్టడానికి కూడ ఉపకరిస్తాయని ఆనాడు తెలిసినది. రెండు స్పీకర్లు గోడకు ఎడంగా నిలబడి ఉన్నవి. వాటికి ఎదురుగా, రెండింటికీ సమదూరంలో, ఒకే ఒక కుర్చీ. యంత్రం ఒక చెక్క బల్ల మీద ఉన్నది. బూడిద వన్నె లోహపు పెట్టె. దాని మీద నాలుగైదు మీటలు, ఒక చిన్న అద్దపు గవాక్షం. అంతకు మించి అలంకారం లేదు. కదపబోయి చూచినాను, కదలలేదు. లోపలి భాగాలు అదరకుండా ఉండడానికే ఆ బరువంతా అన్నాడు.

పని చేసే తీరు చెప్పమన్నాను. పాఠం చెప్పినవానికి పాఠం చెప్పే అవకాశం వచ్చినందుకు కాబోలు, అతని ముఖం వికసించినది.

అతడు చెప్పినది ఇది. ఫిలిప్స్, సోనీ అనే రెండు సంస్థలు కలిసి 1980లో ఈ డిస్కుకు ప్రమాణాలు ఏర్పరచినవి. 1982 అక్టోబరు 1వ తేదీన సోనీ వారి మొదటి ప్లేయరు జపానులో అమ్మకానికి వచ్చినది. డిస్కు వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. గ్రామఫోను రికార్డు అంచునుండి లోపలికి పాడితే, ఇది లోపలినుండి అంచుకు పాడుతుంది. అందులో ఉన్నది ఒకే చుట్ల దారి. దాని వరుసలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒక్క మిల్లీమీటరు వెడల్పులో ఆరు వందలకు పైగా పడతాయి. ఆ దారిని విప్పి పరిస్తే అయిదు కిలోమీటర్లు దాటుతుంది. దారి పొడుగునా కంటికి కనిపించని గుంటలు. కంటికి కనిపించని ఎర్రటి కావలి కిరణమొకటి వాటి మీద పడి తిరిగి వస్తుంది. గుంట ఎక్కడ మొదలైనదో, ఎక్కడ ముగిసినదో ఆ వచ్చిన వెలుతురు చెబుతుంది. డిస్కును ఏదీ తాకదు గనుక ఎన్నిమార్లు పాడినా అరగదు. లోపలి వరుసల వద్ద నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగే డిస్కు, అంచుకు వచ్చేసరికి నెమ్మదించి సుమారు 200 చుట్లకు దిగుతుంది. కిరణం కింద దారి ఎల్లప్పుడూ ఒకే వేగంతో సాగాలి గనుక ఈ ఏర్పాటు.

గుంటలలో ఉన్నవి అంకెలు. సెకనుకు 44,100 మార్లు శబ్దతరంగపు ఎత్తును కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒక మెట్టుగా వ్రాసినారు. మనిషి చెవి వినగలది సెకనుకు 20 కంపనాలనుండి 20,000 వరకు. దానికి రెండింతలకు మించి కొలిస్తే వినదగినదేదీ జారిపోదని గణితశాస్త్రం నిరూపించినది. ఆ అంకెల వరుసను మరల విద్యుత్తరంగంగా మార్చడమే ఈ యంత్రం చేసే పని.

"డిస్కు మీద గీత పడితే?" అని అడిగినాను.

"అదే మీకు బాగా నచ్చే విషయం మాస్టారూ" అన్నాడు. "అంకెలను వరుసగా వ్రాయరు. చెదరగొట్టి దూరదూరంగా వ్రాస్తారు. వాటి మధ్య సాక్ష్యపు అంకెలు కొన్ని చేరుస్తారు. ఒకచోట గీత పడి కొన్ని పోయినా, మిగిలినవాటి సాక్ష్యంతో పోయినవేవో లెక్క కట్టవచ్చు. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు కనుగొన్న పద్ధతి. మీరు చెప్పిన యతిప్రాసల వంటిదే."

నేను ఒక నిమిషం మాట్లాడలేకపోయినాను. తాళపత్రం పురుగు తినివేసిన చోట పోయిన అక్షరమేదో పరిష్కర్త ఎట్లు కనుగొంటాడు? గణాలు లెక్కించి అక్కడ గురువున్నదో లఘువున్నదో తేలుస్తాడు. పోయినది పాదంలో రెండవ అక్షరమైతే తక్కిన మూడు పాదాల ప్రాస చూచి హల్లును నిలబెడతాడు. యతిస్థానమైతే పాదపు మొదటి అక్షరాన్ని అడుగుతాడు. బ్రౌను దొర ప్రతులు సేకరించి పండితులచేత సరిచూపించినప్పుడూ, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ప్రతులు పరిష్కరించినప్పుడూ తోడ్పడినవి ఈ సాక్ష్యాలే. యతిప్రాసలు కవికి సంకెళ్ళని వాదించినవారు మన సాహిత్యంలో ఉన్నారు. అవి పద్యానికి కావలివాండ్రు కూడ అని నేను తరగతిలో ఏటేటా చెబుతున్నాను. ఆ మాట ఒక ఇంజనీరు చెవిలో ఇరవై ఏండ్లు నిలిచి, ఇక్కడ నాకే తిరిగి వినిపించినది.

ఇక వినికిడి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దీపం తగ్గించి, ఫోను తీసుకొని పక్క గదిలో పెట్టి వచ్చినాడు.

మొదట వీణ. శంకరశాస్త్రిగారి వీణ నాకు కొత్త కాదు. అయినను మొదటి మీటుతోనే వెన్ను నిటారు చేసి కూర్చున్నాను. మీటు వేరు, మీటిన తరువాతి నాదం వేరు అని స్పష్టంగా తెలిసినది. గోరు తంత్రిని తాకిన చిన్న టక్కు, వెంటనే నాదం పుట్టుక, ఎడమచేతి వేలు తంత్రిని మెట్టు మీద పక్కకు లాగినప్పుడు స్వరం పైకి వంగడం, లాగిన తంత్రిని వదిలినప్పుడు అది దిగివచ్చే దారి, అన్నీ విడివిడిగా వినవచ్చినవి. ఒక మీటుకు నాలుగైదు స్వరాలు పలికించి, నాదం అణగిపోతున్నా గమకం ఆపక, చివరి స్వరం దాదాపు ఊహలోనే ముగించడం ఆయన విద్య. ఆ ముగింపులు ఇంతకు మునుపు నాకు వినిపించలేదు. వీధి చప్పుడులో, వంటింటి చప్పుడులో అవి కలిసిపోయి ఉంటాయి.

రెండవది బాలమురళిగారి కచ్చేరి. "పాట వినకండి మాస్టారూ, తంబుర వినండి" అన్నాడు. గాయకుడు ఆగిన చోట్ల తంబుర పట్టుకొన్నాను. మంద్రషడ్జపు తంత్రిని మీటితే అందులో అంతరగాంధారం తనంత తాను పలుకుతుందని, అది స్వయంభూ గాంధారమని సంగీతజ్ఞులు చెబుతారు. మూలధ్వనికి అయిదు రెట్లు కంపించే ఉపధ్వని అది. ఇది నేను పుస్తకాలలో చదివినాను. సభలలో చెప్పినాను కూడ. చెవితో విన్నది మాత్రం ఆనాడే. జీవ సరిగా కుదిరిన తంత్రి మ్రోగగా మ్రోగగా, ఎవరూ మీటని గాంధారం దాని లోపలినుండి పొగవలె లేచినది. వినని దానిని గూర్చి ఇన్నేండ్లు ఉపన్యసించినందుకు సిగ్గు కలిగినది.

మూడవది నాయుడుగారి వయొలిను. ఆయన 1893లో పుట్టి 1964లో గతించినారు. 1936లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులైనారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు పక్కకు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. అంతలోనే రాగమూ కీర్తనా ఇముడ్చవలసిన కాలం. ఇంత విలువైన యంత్రం ఆ పాత రికార్డును బాగుచేస్తుందేమో అనుకొన్నాను. చేయలేదు. ముల్లు గీరిన రొద అంతా యథాతథంగా వినిపించినది. మునుపటికంటె హెచ్చుగా వినిపించినదేమో కూడ. అయితే అయిదు నిమిషాలు గడిచేసరికి రొద ఒక పొరగా, వాద్యం మరొక పొరగా మనసులో విడిపోయినవి. వానలో నిలిచిన మనిషిని చూచినట్లు రొద వెనుక కమాను కనిపించినది. దీర్ఘమైన ఒక్క కమానులో స్వరం పెరిగి, నిలిచి, తరిగి, తెగకుండా మరొక స్వరంలోకి నడవడం విన్నాను. రికార్డులో లేనిది యంత్రం ఇవ్వలేదు. ఉన్నదానిలో దేనినీ దాచలేదు.

ఆ గంటసేపు నేను విన్నదంతా ఆ యంత్రం మహిమే అని ఇక్కడ వ్యాసం ముగించవచ్చును. కాని నా శిష్యుడు సత్యసంధుడు.

"మాస్టారూ, ఇప్పుడొక పరీక్ష" అన్నాడు. చాలా ఏండ్ల క్రితం కొన్నవేల రూపాయలకు కొన్న పాత ప్లేయరొకటి తెచ్చి పక్కన పెట్టినాడు. రెండింటి ధ్వనినీ మీటరుతో కొలిచి సమానం చేసినాడు. రవ్వంత బిగ్గరగా ఉన్నదే మేలుగా తోస్తుందట, అందుకని. యంత్రాలకు అడ్డంగా బట్ట కట్టినాడు. ఒకే వీణను ఒకసారి దీనిపైన, ఒకసారి దానిపైన, తన ఇష్టం వచ్చిన వరుసలో పదిమార్లు వినిపించి, ప్రతిసారీ ఏది పాడుతున్నదో చెప్పమన్నాడు. నేను గట్టి నమ్మకంతో పది జవాబులు చెప్పినాను. ఆరు సరిపోయినవి. బొమ్మా బొరుసా అని నాణెం ఎగురవేసినా అయిదు సరిపోతాయి.

అది చాలక, చెవుల పరీక్ష కూడ చేసినాడు. ఒకే స్వరాన్ని క్రమంగా హెచ్చించి వినిపించే డిస్కు ఉన్నది. సెకనుకు 12,000 కంపనాల వరకు విన్నాను. ఆ పైన గది నిశ్శబ్దంగా ఉన్నది. గుమ్మంలో నిలబడిన అతని పదేండ్ల కూతురు చెవులు మూసుకొని, "ఇంకా వస్తోంది తాతగారూ, మీకు వినపడటం లేదా?" అన్నది. లేదమ్మా అన్నాను. నా వయసు ఏబదియారు. నా చెవికి పై అంతస్తు ఇదివరకే మూసివేసినారు. అక్కడ ఈ యంత్రం ఎంత సొగసుగా పాడినా నాకు అందదు.

మరి శాస్త్రజ్ఞుల మాట ఏమిటని అడిగినాను. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించినారట. సి.డి. కంటె సూక్ష్మమైన కొలతలతో చేసిన రికార్డింగులను ఒకసారి ఉన్నవి ఉన్నట్లుగా, ఒకసారి సి.డి. ప్రమాణానికి దించి వినిపించి, తేడా పట్టమన్నారు. 554 ప్రయత్నాలలో సరియైనవి 276. అక్కడా నాణెమే గెలిచినది. సి.డి. అనే కొలపాత్ర మన చెవికి చాలినంత పెద్దదేనని దీనివలన తేలుతున్నది.

"అయితే ఇంత సొమ్ము ఎందుకు పోసినావు?" అని సూటిగా అడిగినాను.

అతడు నొచ్చుకోలేదు. "కట్టుబడి బాగుంది, చప్పుడు చేయదు, చాలాకాలం ఉంటుంది. ఇవి పైకి చెప్పే కారణాలు. అసలు కారణం వేరే ఉంది మాస్టారూ. ఇంత ఖర్చు పెట్టాను కాబట్టి రోజూ రాత్రి ఒక గంట కూర్చుంటున్నాను. పాత దానితో పదేళ్ళలో ఒక్కనాడు కూర్చోలేదు" అన్నాడు.

ఆ జవాబు నాకు నచ్చినది. గుడి మెట్లెక్కి వెళ్ళినవాడు దేవుని ముందు కాసేపు నిలుస్తాడు. వీధి మలుపులో కనిపించిన దేవునికి నడుస్తూనే దండం పెట్టి పోతాడు. నా చిన్ననాడు తెల్లవారుజామున విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని వచ్చేది. మా ఇంటి రేడియో చిన్నది, గొంతు బొంగురుది. అయినా పాట తప్పిపోతే మరల వినడానికి లేదు గనుక, మా అమ్మ చల్ల చిలుకుతూ చిలుకుతూ కవ్వం ఆపి వినేది. తప్పిపోతుందన్న భయం ఆనాడు చెవిని నిలబెట్టినది. పెట్టిన సొమ్ము నా శిష్యుని చెవిని నిలబెడుతున్నది. ఏ కారణం చేత నిలబడినా చెవికి అందేది ఒకటే.

ఇక నాలుగవ డిస్కు.

మా గురువుగారు ప్రాచ్యకళాశాలలో పని చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. 1993లో ఆయనకు సతీవియోగం కలిగినది. ఆ తరువాత ఆమెను గూర్చి పన్నెండు పద్యాలు మనసులోనే కట్టుకొన్నారు. కాగితం మీద పెట్టలేదు. అచ్చు వేయిద్దామని నేను అంటే, "ఇవి ఆమెకు వినిపించవలసినవి నాయనా. ఆలస్యమైనది. అచ్చు ఎందుకు?" అన్నారు. ఎంతో బ్రతిమాలగా 1995లో ఒకనాటి సాయంకాలం రికార్డు చేసుకోనిచ్చినారు. అరవై నిమిషాల క్యాసెట్టు నిండా మాటలూ పద్యాలూ నిండినవి. కొన్ని నెలలకు ఆయన గతించినారు. 2006లో క్యాసెట్టుకు బూజు పడుతుంటే పట్టణంలో ఒక దుకాణంలో సి.డి. చేయించినాను. తరువాత ఇల్లు మారినప్పుడు క్యాసెట్టు పోయినది. డిస్కు ఉన్నది గదా అనే ధీమాతో పద్యాలు వ్రాసికొనలేదు. ఇన్నేండ్లలో ఆ డిస్కు రెండుమార్లు విన్నానేమో. జ్ఞాపకం ఉన్న పద్యాలు మూడు.

శిష్యుడు డిస్కును పళ్ళెంలో పెట్టినాడు. పళ్ళెం లోపలికి పోయినది. లోపల ఏదో తిరిగినది, ఆగినది, మరల తిరిగినది. గవాక్షంలో అక్షరాలు వెలిగినవి. డిస్కు లేదని వాటి అర్థం. తుడిచి మరల పెట్టినాడు. మూడుమార్లూ అదే జవాబు.

అతడు డిస్కును దీపానికి ఎత్తి పట్టి చూచినాడు. "దుకాణంలో కొన్న సంగీతపు డిస్కులలో గుంటలు అచ్చు ఒత్తినవి మాస్టారూ. ఇది ఇంటిలో వ్రాసే డిస్కు. ఇందులో గుంటలు ఉండవు. రంగు పొర ఉంటుంది. కిరణం దాన్ని కాల్చి మచ్చలు చేస్తుంది. ఎండకూ, వేడికీ, చెమ్మకూ ఆ రంగు వెలిసిపోతుంది. ఇది అంచున బాగా వెలిసింది" అన్నాడు. పదునైన వెలుతురుకూ, స్పష్టమైన గుంటలకూ అలవాటు పడిన విలువైన యంత్రం దీనిని డిస్కుగానే గుర్తించలేదు. నాకు గొంతు తడి ఆరిపోయినది. ఉన్న ఒకే ఒక ప్రతి ఇది. దీనిని ఎండ తగిలే అలమరలో పదునెనిమిది ఏండ్లు ఉంచినవాడను నేను.

అతడు అటక మీదినుండి పాత కంప్యూటరు తాలూకు డ్రైవు ఒకటి దించినాడు. దాని వెల యంత్రపు వెలలో నూరవ వంతు కూడ ఉండదు. అయితే దానికి ఓపిక ఉన్నది. పాడే యంత్రం ఆగకుండా ముందుకు సాగవలె. ఇది ఆగి, వెనుకకు పోయి, ఒకే చోటును పదిమార్లు, ఏబదిమార్లు చదువుతుంది. రెండుమార్లు ఒకే జవాబు వచ్చేదాకా విడువదు. చీకిన తాటాకును దీపం ముందు పెట్టుకొన్న పండితుని వలె అది పని చేసినది. భోజనాలైనవి. పిల్ల నిద్రపోయినది. మేమిద్దరం దాని గురగుర వింటూ కూర్చున్నాము. రాత్రి ఒంటిగంటకు పని ముగిసినది. పదకొండు పద్యాలు పూర్తిగా వచ్చినవి. పన్నెండవది టేపు చివర ఉండడం వలన డిస్కు అంచుకు పడినది. అందులో ఒకచోట కొంత పోయినది. సాక్ష్యపు అంకెలు కూడ అక్కడ చాలలేదు.

వచ్చినదానిని కొత్త డిస్కు మీద వ్రాసి, యంత్రంలో పెట్టి, అతడు గది బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసినాడు.

ముందుగా టేపు రొద. పంకా తిరుగుతున్న చప్పుడు. వీధిలో సైకిలు గంట. తరువాత గురువుగారు. కంఠం నేను తలచుకొన్నంత గంభీరంగా లేదు. సన్నగా, కొంచెం వణుకుతూ ఉన్నది. శకటరేఫ ఉన్న చోట ఇంచుక ఒత్తి పలకడం ఆయన అలవాటు. అది అట్లే ఉన్నది. అయిదవ పద్యం వద్ద మరొకటి వినిపించినది. నాలుగవ పాదానికి ముందు ఆయన ఊపిరి రెండుమార్లు తీస్తున్నారు. ఆరవదానికి మూడుమార్లు. పద్యం కాగానే, "కాసిని మంచినీళ్ళు" అన్నారు. గ్లాసు పెట్టిన చప్పుడు. వెంటనే ఒక పడుచుకంఠం ఉత్సాహంతో, "ఇంకొకటి గురువుగారూ!" అన్నది. ఆ కంఠం నాది.

ఆయనకు గుండెజబ్బు ఉన్నదని ఆ తరువాత నెలకు గాని మాకు తెలియలేదు. ఎదురుగా కూర్చున్న నాకు ఆనాడు ఆ ఊపిరి వినిపించలేదు. నేను పద్యాలు పట్టుకోవాలనే తొందరలో ఉన్నాను. టేపు విన్నది; ఇన్నేండ్లు దాచినది. యంత్రం దానిని కొత్తగా పుట్టించలేదు. పాత ప్లేయరు మీద విన్నా ఆ ఊపిరి ఉండేదే. నేను కూర్చుని వినడమే కొత్త. ఆరవ పద్యం తరువాత ఆయన ఆరుమార్లు నా మాట కాదనలేక పద్యం చెప్పినారు.

పన్నెండవది చంపకమాల. ప్రాస లకారం. మూడవ పాదంలో మొదటి అక్షరం 'త' వినిపించినది. రెండవ అక్షరం స్థానంలో నిశ్శబ్దం. మూడవది 'పు'. ఆ వెనుక పద్యమంతా చెక్కుచెదరకుండా ఉన్నది. పోయినది ఒక్క అక్షరం. ప్రాసను బట్టి హల్లు లకారమే. గణాన్ని బట్టి లఘువే. ఇంతవరకు ఛందస్సు సాక్ష్యం చెప్పినది. కాని 'తలపు' అన్నా లఘువే, 'తలుపు' అన్నా లఘువే. ఆమె పోతూ పోతూ మూయకుండా విడిచి వెళ్ళినది ఏదో ఆ పాదంలో చెప్పినారు. తలపు అంటే ఒక అందం. తలుపు అంటే మరొక అందం. రెండింటికీ అన్వయం కుదురుతున్నది. ఆ చోటును ఎన్నిమార్లు విన్నానో లెక్క లేదు. అర సెకను నిశ్శబ్దం ప్రతిసారీ ఒకే రీతిగా ఉన్నది.

మీ ఇళ్ళలో కూడ అలమర అడుగున ఇట్టి డిస్కులు ఉండే ఉంటాయి. పెండ్లి పాటలు, తాతగారి హరికథ, అమ్మమ్మ పాడిన మేలుకొలుపు. వాటిని ఎండ తగలనీయక, అంచు పట్టుకొని, ఆలస్యం లేకుండా రెండేసి ప్రతులు తీయించండి. తీయించిన తరువాత ఒకసారి కూర్చుని వినండి.

నేను ఊరికి తిరిగి వచ్చి పన్నెండు పద్యాలూ నోటుపుస్తకంలో సిరాతో వ్రాసినాను. గురువుగారి మాట ప్రకారం అచ్చు వేయను. పన్నెండవ పద్యంలో 'తలపు' అని వ్రాసి, పుట అడుగున 'తలుపు' అని పాఠాంతరం చూపినాను. వాటిలో ఆయన అన్నది ఏదో చెప్పగలవారు ఇప్పుడు లేరు. ఆ సాయంకాలం ఆయన ఎదుట కూర్చున్నవాడను నేనొక్కడినే. ఆనాడు విని ఉంటే తెలిసి ఉండేది.